నియమాలెరుగని ఆట

ఢిల్లీలోని పాలికా బజారు కన్నాట్ ప్లేసు నేలకు అడుగున ఉన్నది. 1995 వేసవిలో ఒకనాడు ఆ మెట్లు దిగి, చాలసేపు బేరమాడి, టెలివిజనుకు తగిలించుకొనే ఆటల పెట్టె నొకదానిని ఇంటికి తెచ్చాను. నింటెండో వారు 1983లో జపానులో వెలువరించిన ఫామికామ్ యంత్రానికి అది నకలు. దానితో ఇచ్చిన పసుపుపచ్చని క్యాసెట్టు మీద 99,99,999 ఆటలున్నవని అచ్చువేసి ఉన్నది. నిజానికి ఉన్నవి కొద్ది ఆటలే. అవే అంకెలు మార్చుకొని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అబద్ధం అంత పెద్దదైతే దానిమీద కోపం కూడా రాదు.

వానిలో ఒకటి బేస్‌బాల్. ఆ యంత్రం పుట్టిన యేడే డిసెంబరులో నింటెండో వారు చేసిన ఆట అది. ఆటగాళ్ళకు పేర్లు లేవు. జట్టుకు ఒక్కొక్క అక్షరం మాత్రమే గుర్తు. బంతి వెంట బొమ్మలు తామే పరుగెత్తుతవి. విసరడం మన వంతు. మీటకు నాలుగు దిక్కులు, మైదానంలో నాలుగు స్థానాలు. కుడికి నొక్కితే మొదటి బేస్, పైకి రెండవది, ఎడమకు మూడవది, క్రిందికి నొక్కితే హోమ్. ఆ ఆట ఎరిగినవారు మా యింట ఒక్కరూ లేరు. అయినా రెండు సాయంకాలాలలో మా వేళ్ళకు అది పట్టుబడినది.

ఆ నెలలోనే నా పరీక్షా ఫలితాలు వచ్చినవి. జాబితాలో నా పేరు లేదు. నాన్నగారు నన్ను ఒక్క మాటా అనలేదు. అసలు మాట్లాడడమే మానివేశారు. ఒకనాటి సాయంత్రం మాత్రం వచ్చి, నా ప్రక్కనే కూర్చుండి, రెండవ మీట చేతికి తీసుకొన్నారు.

ఆయన ఫిరోజ్‌షా కోట్లాలో ఎండకోర్చి అయిదేసి రోజులు క్రికెట్టు చూచిన మనిషి. చక్కని బంతిని ఆడక విడిచిపెడితే ఇక్కడ తప్పట! “మూడు బంతులకే మనిషిని పంపివేస్తారా?” అని విసుగుకొన్నారు. ఫలితాలు వచ్చిన తరువాత నేను విన్న మొదటి మాట అది. తరువాత ఆయనకు మరొక సంగతి తెలిసినది: హద్దు తప్పిన బంతులను నాలుగింటిని విడిచిపెడితే బాటు కదపకుండానే మొదటి బేస్‌కు పోవచ్చును. అది ఆయన స్వభావానికి సరిపోయినది. నేను వంకర బంతులు వేసి ఊరించేవాడిని. ఆయన కదిలేవారు కారు. “పోనీ, దాన్ని పోనీ” అని తమలో తామే అనుకొనేవారు. ఆ మాట ఆటను గురించేనా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

నాన్నగారు 2003లో పోయారు. మొన్న నోయిడాలో నా మేనల్లుడు ఆ పాత ఆటనే తన కంప్యూటరులో తెరిచి నాకిచ్చాడు. అతడు ఆడే కొత్త ఆటలలో గడ్డిపరకలు కూడా వేరువేరుగా కనిపిస్తవి.

“కొట్టవేమి మామయ్యా?” అన్నాడు, మూడు బంతులు పోయిన తరువాత.

“ఇంకొక్కటి చూడనీ” అన్నాను. నాలుగవ బంతి కూడా హద్దు దాటి పోయినది. తెరమీది బొమ్మ మొదటి బేస్‌కు నడిచినది.