జాయజేనా, భాయిజాన్?

మా ఖాలా మనవడికి పుట్టిన రెండోరోజే నిమ్ము. రాత్రి దవాఖానా నుంచి వాడి అబ్బా ఫోను: "భాయిజాన్, గొట్టం వేసి ఊపిరితిత్తుల్లోకి మందు పోస్తారట. సువ్వర్ ఫేఫ్డాల్లోంచి తీసిందట. జాయజేనా?"

ఫత్వా ఇవ్వడానికి నేనెవర్ని? అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి. తెలిసింది చెప్పాను. ఆ మందు సర్ఫాక్టెంట్. ఊపిరి వదిలినప్పుడల్లా లోపలి గాలి గదులు అతుక్కుపోకుండా, వాటి గోడల్లోని కణాలే సబ్బునీళ్లలాంటి పొరను తయారుచేస్తాయి. నిమ్ము ఆ కణాల్ని జఖ్మీ చేస్తుంది, ఉన్న పొరనూ పాడుచేస్తుంది. బయటినుంచి పోస్తే, కణాలు కోలుకునేదాకా కాస్త మొహలత్ దొరకొచ్చు.

1980లో జపాన్ డాక్టర్ ఫుజివారా నెలలు నిండని 10 మంది పసికందులకు ఇచ్చింది ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన మందు. ఆవుది ఇప్పుడూ దొరుకుతుంది. ఆ రాత్రి ఆ దవాఖానాలో లేదు. (ఆవుదైతే ఇంకెవరికో ఎతరాజ్, అది వేరే కథ.)

జాన్ మీదికొస్తే హరామ్‌కూ ఇజాజత్ ఉందని మదర్సా మెట్టెక్కని మా అమ్మీకీ తెలుసు. ఫోను లాక్కుంది.

"బేటా, ముందు దస్తఖత్ పెట్టు. ఖయామత్ రోజు జవాబు నేను చెప్పుకుంటా."

పెట్టాడు. గొట్టం ఇంకా తీయలేదు. దువా చేయండి.