ప్లాస్టిక్ మీద పిడుగు

కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఉన్న స్లాక్ ప్రయోగశాలకు వచ్చేవాళ్లు ఎక్కువగా అక్కడి మూడు కిలోమీటర్ల ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్‌ను చూడాలని వస్తారు. నేను వెళ్లింది పాలీస్టైరీన్ కోసం. మన పెళ్లిమంటపాల్లో పేర్లు చెక్కి అంటించే థర్మాకోల్ ఉందే, అదే పదార్థం.

యంత్రాల వరసలున్న పొడవాటి గ్యాలరీని తొందరగానే దాటేశాం. 1960లలో కట్టిన ఆ యాక్సిలరేటర్ చివరి కిలోమీటరు 2009 నుంచీ ఎక్స్‌రే లేజర్‌కు ఎలక్ట్రాన్లను అందిస్తోంది. ఆ ఎక్స్‌రేలు చేరే ప్రయోగ గదుల్లో ఒకటి భూగర్భంలో ఉంది. లోపల గాలి తీసేసిన లోహపు గది, దాని చుట్టూ లేజర్ కాంతిని మళ్లించే అద్దాలు, కేబుళ్లు. సన్నని ప్లాస్టిక్ పొరను అందులో బిగించి ఒకవైపు నుంచి లేజర్‌తో కొడతారు. పైపొర క్షణంలో ఆవిరై వెనక్కి ఎగజిమ్ముతుంది. ఆ తన్నుకి మిగతా పొరలోకి షాక్ తరంగం దూసుకుపోతుంది.

మెల్లగా నొక్కితే ప్లాస్టిక్‌లోని వేడి బయటికి పోయే వీలుంటుంది. షాక్ ఆ వ్యవధి ఇవ్వదు. పిండుతూనే కాల్చేస్తుంది. ఈ రెండూ ఒకేసారి మీద పడటం వల్లే గొలుసు అణువులు తెగిపోతాయి.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్‌లో దశాబ్దాల క్రితమే రకరకాల ప్లాస్టిక్‌లకు షాక్ ఇచ్చి, తరంగం ఎంత వేగంతో పోతోందో, దాని వెనక పదార్థం ఎంత వేగంతో కదులుతోందో కొలిచారు. ఆ రెండు వేగాలనూ గ్రాఫ్ గీస్తే గీత కొంతదూరం సాఫీగా సాగి, చాలా ప్లాస్టిక్‌లలో 20, 30 గిగాపాస్కల్‌ల మధ్య వంకర తిరిగింది. అంటే వాతావరణ పీడనానికి రెండు మూడు లక్షల రెట్ల దగ్గర. అక్కడ పాలీస్టైరీన్ ఘనపరిమాణం ఒక్కసారిగా బాగా తగ్గుతుంది. పాలిథిన్‌లో ఆ తగ్గుదల స్వల్పం. పాలీస్టైరీన్ గొలుసుకు వేలాడే బెంజీన్ వలయాలు చాలా చోటు తీసుకుంటాయి. అవి విచ్చుకుని కార్బన్ నాలుగువైపులా బంధాలు కట్టుకుంటే ఇరుకులో సర్దుకుంటుంది. పాలిథిన్ కార్బన్ ముందే అలా ఉంది. ఇన్నేళ్లూ ఈ కథంతా రెండు వేగాలను బట్టి ఊహించిందేనన్నది నన్ను కదిలించిన విషయం. అణువుల గతి ఏమైందో, అవుతుండగా ఎవరూ చూడలేదు.

చూసింది ఈ గదిలోనే. 2017లో వెలువడిన ప్రయోగంలో డొమినిక్ క్రాస్ బృందం పాలీస్టైరీన్‌లోకి ఒకటి వెనక ఒకటిగా రెండు షాక్‌లు పంపింది. రెండోది మొదటిదాన్ని అందుకునే చోట పీడనం 150 గిగాపాస్కల్‌లకు, వేడి 5 వేల కెల్విన్‌ల దాకా చేరింది. సరిగ్గా అప్పుడే ఎక్స్‌రే పల్స్ గుచ్చారు. అది ఉండేది నానోసెకనులో పదివేల వంతుకన్నా తక్కువ సేపు. డిటెక్టర్ మీద వజ్రపు స్ఫటికాల ముద్ర పడింది! హైడ్రోజన్ విడిపోయి, కార్బన్ నానోమీటర్ల వజ్రాలుగా పేరుకుంది. యురేనస్, నెప్ట్యూన్ గర్భాల్లో వజ్రాలు ఏర్పడవచ్చని మార్విన్ రాస్ 1981లోనే రాశారు. పీడనం, వేడి అక్కడ ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

కార్బన్, హైడ్రోజన్‌లకు ఆక్సిజన్ కూడా తోడైతే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. ఆ గ్రహాల్లో ఆక్సిజన్ దండిగా ఉంది మరి. అందుకని నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌ను కొట్టి చూశారు. ఆక్సిజన్ అడ్డు రాలేదు సరికదా, కార్బన్ విడిపోవడానికి సాయపడిందని 2022లో ప్రకటించారు. నా దృష్టిలో మొదటి ప్రయోగం కన్నా ఇదే గట్టిది, ఎందుకంటే గ్రహాల అసలు సరుకుకి దగ్గరగా ఉంది.

ఆ వజ్రాలు చేతికి దొరుకుతాయా అని మమ్మల్ని తిప్పి చూపించినాయన్ని అడిగాను. దెబ్బ తిన్న పొర తునాతునకలై చెదిరిపోతుందన్నారు. వాటిని పట్టుకోగలిగితే సీసాల ప్లాస్టిక్ నుంచి నానో వజ్రాలు తయారు చేయవచ్చన్నది పరిశోధకుల ఆశ.