పడినదాని లెక్క

నూతిలో రాయి వేస్తే కాసేపటికి బుడుంగుమంటుంది. పడుతూ కూడగట్టుకున్న వేగమంతా చప్పుడుగా, అలలుగా, ఇసుమంత వేడిగా మారి నీళ్లలో కలిసిపోతుంది. చిన్నప్పుడు ఆ చప్పుడు కోసమే రాళ్లు ఏరేవాళ్లం.

అదే రాయి కృష్ణబిలంలో పడితే? తగలడానికి అడుగు లేదు, చప్పుడూ లేదు. ఎంత వేగం పుంజుకున్నా అదనంగా బరువేమీ కలవదు. ఆ వేగం ఆకర్షణ నుంచి తీసుకున్నదే. లెక్క అక్కడికక్కడే సరిపోతుంది. ఎక్కడో దూరాన నిశ్చలంగా ఉండి, నేరుగా వచ్చి పడిన కిలో రాయి బిలానికి కిలో ద్రవ్యరాశినే కలుపుతుంది.

వాయువు మాత్రం అలా తిన్నగా పడదు. సుడి తిరుగుతూ, తనలో తాను ఒరుసుకుంటూ, కాగి వెలుగుతుంది. తిరగని బిలం చుట్టూ అయితే ద్రవ్యరాశిలో దాదాపు 6 శాతం, అత్యంత వేగంగా తిరిగేదాని చుట్టూ 42 శాతం వరకు వెలుగై వెళ్లిపోగలదు. మిగిలిందే బిలానికి దక్కుతుంది. సూర్యుడి గర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు వెలుగయ్యేది 0.7 శాతమే.

బంగారమైనా మట్టైనా, లోపలికి వెళ్లాక బయటికి తెలిసేది ద్రవ్యరాశి, భ్రమణం, విద్యుదావేశం మాత్రమే. అయినా తిన్నగా పోయినదానికంటే చుట్టూ తిరిగి, పక్కవాటితో రాసుకుని, ఆలస్యంగా పోయినదే లోకానికి ఎక్కువ వెలుగిచ్చింది. అది తెలిశాక, బతుకులోని తిరుగుళ్లనూ రాపిళ్లనూ మునుపటంతగా విసుక్కోబుద్ధి కావడం లేదు.