బుక్కరాయసముద్రం: చెరువు కింద మడి, రిజిస్టరులో చుక్క

అనంతపురం నుంచి తాడిపత్రి దారి పడితే పట్నం దాటీ దాటకముందే బుక్కరాయసముద్రం వస్తుంది. పేరులో సముద్రమే గానీ, ఈ సీమలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 1364లో విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించాడని, ఒక కొసన ఈ ఊరు, మరో కొసన అనంతసాగరం వెలిశాయని చెబుతారు. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిందనే ముసలమ్మను జనం ఇప్పటికీ కొలుస్తారు. కట్టమంచి రామలింగారెడ్డి రాసిన ‘ముసలమ్మ మరణం’ ఆమె కథే.

చెరువు కింద మడి ఉన్నవాడు ఆసామి. చేను ఉన్నవాడు మబ్బుకేసి చూసేవాడు. ఈ లెక్క రాజులు మారినా మారలేదు. హండె నాయకులు ఏలారు, తర్వాత హైదరు, టిప్పు, నిజాం. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి రాసిచ్చాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి, పాళెగాళ్లను అణచి, 1802లో సర్వే మొదలుపెట్టాడు. గొలుసు పొడవు 33 అడుగులు. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసు ఉన్న చదరాలు 40 అయితే ఎకరా. మడి, తోట, చేను అని విడివిడిగా శిస్తు కట్టారు. అది మరీ ఎక్కువైందని, పావు వంతు తగ్గించాలని 1807లో మన్రోనే సిఫారసు చేశాడు. పైవాళ్లు అప్పట్లో వినలేదు.

రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఈ రైతువారీ పద్ధతిలో మధ్యన జమీందారు లేడు, సర్కారే దొర. కరువొస్తే రైతు రాజీనామా రాసిచ్చి చేను వదిలేసేవాడు, వానలు పడితే మళ్లీ దర్ఖాస్తు పెట్టేవాడు. మంచి ఏర్పాటే అంటారు కొందరు. కానీ వదిలిన చేను ఎవరిదో చెప్పవలసింది కాగితమే కదా!

ఆ కాగితం పేరు ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీ-సెటిల్‌మెంట్ రిజిస్టరు. బ్రిటిషు కాలపు ఈ రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో కొన్ని సర్వే నంబర్లకు వట్టి చుక్కలే ఉంటాయి. తాతల నాటి నుంచి దున్నుతున్నా చుక్క ఉంటే రిజిస్ట్రేషను ఆగింది, అమ్మకం ఆగింది. 12 ఏళ్ల అనుభవం ఉన్నవారికి హక్కు తేల్చేందుకు ఆంధ్రప్రదేశ్ 2017లో చుక్కల భూముల చట్టం తెచ్చింది.

సీమలో చేను ఉన్నవారు అడంగల్ (ఊరి సాగు లెక్క) ఒక్కటే చూసి ఊరుకోకండి. మీ సర్వే నంబరుకు ఆర్‌ఎస్‌ఆర్ నకలు కూడా అడిగి తీసుకోండి.