పందెపు సైకిలు

మా హోసూరు పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు బెంగుళూరి క్లబ్బు పందెమునకై పాత రేసు సైకిలు కొని, ఖరీదైన చక్రములకు అప్పు చేయబోగా మేము వారించితిమి. సమతలమున గంటకు 30 కిలోమీటర్లు దాటినచో వేగమునకు ప్రధానశత్రువు గాలి. దానికి ఎక్కువగ అడ్డుపడునది సైకిలు గాదు, తొక్కువాని దేహమే.

కావున ముందు సీటెత్తు కుదిర్చితిమి: పెడలు అడుగున నున్నపుడు దానిపై మడమ నానించిన కాలు నిటారుగ సాగవలెను. పిదప హ్యాండిలు కొంత దించితిమి. ఉన్న సొమ్ము 25 మిల్లీమీటర్ల కొత్త టైర్లకు, చైనుకు, బ్రేకు రబ్బర్లకు సరిపోయెను. గుంపులో పోవువానికి బ్రేకే ప్రాణరక్ష. ముందువాని చాటున గాలి తప్పించుకొను నేర్పు అంగడిలో దొరకదు; అభ్యాసమున వచ్చును.

అతడు గెలువలేదు, కాని గుంపును విడువక తుదివఱకు నిలిచెను. ఇంట అప్పును లేదు. విద్యార్థులారా! సాధనము కొఱత యని వెనుదీయకుడు, ఉన్నదానిని చక్కదిద్దుకొనుడు.