పక్కచేను వాళ్ల సాక్ష్యం

సంక్రాంతికి ముందు నారాయణఖేడ్ అంగడిలో కొత్త కందులు దిగుతాయి. గోనెపట్టాల మీద రాశులు పోసి కూర్చుంటారు. 'మందు కొట్టనివి ఉన్నాయా?' అని అడిగితే ఒకాయన నవ్వాడు. పూత మీద పురుగు పడితే కొట్టక తప్పుతుందా అని ఎదురడిగాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది కానీ నాకు కావలసిన కందులు అవి కావు.

కిరాణా దుకాణంలో ఈ ఇబ్బంది లేదు. అందమైన ప్యాకెట్, మీద పచ్చటి ఆకు బొమ్మ. సర్టిఫికెట్ ఏదని అడిగితే దుకాణదారు వెనకవైపున్న 14 అంకెల నంబరు చూపించాడు. అది ఆహార భద్రతా సంస్థ ఇచ్చే లైసెన్సు నంబరు. అమ్మేవాడు నమోదై ఉన్నాడని చెబుతుంది తప్ప చేనులో ఏం చల్లారో దానికి తెలియదు. 1937 నాటి చట్టం మీద నడిచే అగ్‌మార్క్ సరుకు నాణ్యతకు గుర్తు. ఇక తాండూరు కందికి 2022లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఆ పంట ఆ నేలదని చెబుతుంది, అంతే. రసాయనాలు వాడలేదని ఈ మూడింట్లో ఏదీ అనదు. మనం మాత్రం ముద్ర కనబడితే చాలు, అన్నిటికీ హామీ దొరికినట్టే సంచిలో వేసుకుంటాం.

సేంద్రియమని చెప్పే ముద్రలు వేరే. 'ఇండియా ఆర్గానిక్' గుర్తు వెనక వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా చూసే జాతీయ కార్యక్రమం ఉంది. బయటి సంస్థ తనిఖీకి వస్తుంది, రుసుము తీసుకుంటుంది. ఏడాది పంటలకు రెండేళ్లు, పండ్ల తోటలకు మూడేళ్లు మార్పిడి కాలం గడవాలి. ఎగుమతి చేసేవాళ్లకు ఇది తప్పదు. రెండెకరాల చెల్క ఉన్నవాళ్లు ఒక్కరే ఆ ఖర్చు ఎక్కడ మోస్తారు? వాళ్ల కోసం వచ్చిందే పీజీఎస్. అంటే రైతులు ఒకరికొకరు పూచీ పడే పద్ధతి. దాన్ని దగ్గర్నుంచి చూద్దామని మంజీర దాటి జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్‌కు వెళ్లాను.

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉండేది అక్కడే. 1983లో మొదలైంది. 2023లో కన్నుమూసిన పి.వి. సతీష్ దాన్ని దశాబ్దాలపాటు నడిపించారు. అసలు బలం మాత్రం ఊరూరి సంఘాల్లోని దళిత మహిళా రైతులది. పడావు భూముల్ని బాగుచేసి జొన్న, కొర్ర, సామ, సజ్జ పండించారు. విత్తనం కొనకుండా ఇంట్లోనే దాచుకున్నారు. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర ఊరూరా తిరుగుతుంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మన దేశంలో పీజీఎస్‌కు తొలినాళ్లలో పూనుకున్న సంస్థల్లో ఇదీ ఒకటి.

కాగితం మీద పద్ధతి సులువే. ఒకే ఊరివాళ్లో పక్క ఊళ్లవాళ్లో కనీసం ఐదుగురు జట్టు కడతారు, ప్రమాణం చేస్తారు, ఒకరి చేను మరొకరు చూసి రాస్తారు. 2004లో బ్రెజిల్‌లోని టోరెస్‌లో వివిధ దేశాలవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నదీ ఇలాంటి పద్ధతుల గురించే. ప్రభుత్వ పీజీఎస్‌లో మార్పిడి దశలో ఉన్న పంటకు 'గ్రీన్', పూర్తయినదానికి 'ఆర్గానిక్' అని రెండు గుర్తులు. ప్యాకెట్ మీద 'గ్రీన్' ఉంటే ఇంకా దారిలో ఉందని అర్థం.

పక్కింటివాళ్లు పక్కింటివాళ్లను పట్టిస్తారా? నా అనుమానం అదే. సంఘం పెద్దమ్మ ఒకామెను అడిగితే సమాధానం చెప్పకుండా చేనుకు తీసుకెళ్లింది. కంది సాళ్ల మధ్య అలసంద, అనుములు, గోగు. ఒడ్డు మీద పెంటకుప్ప. 'యూరియా సంచి ఎవలింటికి వచ్చిందో ఊరంత ఎర్కే సారూ, దాస్తే దాగుతదా?' అంది. ఏడాదికోసారి కారులో దిగే తనిఖీదారుకు ఈ ఎరుక ఉండదు. అయితే చుట్టరికం, మొహమాటం కూడా ఆ ఊళ్లోనే ఉంటాయి. అందుకే ఈ పూచీ కాగితంతో ఆగకూడదనీ కొనేవాళ్లు కూడా అప్పుడప్పుడు చేనుకు రావాలనీ నాకనిపించింది. చిన్న రైతు తినేవాళ్లకు నేరుగా అమ్ముకుంటే ఆహార భద్రతా సంస్థ 2017 నిబంధనలు సేంద్రియ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఇచ్చాయి. అలా కొన్నప్పుడు చూసుకోవలసింది మనమే.

ఆ చేనుకు ఒక పక్క పత్తి ఉంది. అటు కొట్టిన మందు గాలికి ఇటు పడుతుంది. అందుకని ఆ అంచు సాళ్ల కందులు విడిగా కోసి, వేరే సంచుల్లో పోసి, మామూలు ధరకే అమ్ముతారట. మేం మాట్లాడుతుండగా పత్తి రైతే వచ్చాడు. తనూ మానేస్తానన్నాడు. 'మరి మారే ఆ రెండేండ్లు నాకు ధర ఎవలిస్తరు?' అన్నాడు. పెద్దమ్మ ఊరుకోలేదు. మొన్న వానాకాలం పత్తికి మందులకెంత పోశావో ముందు అది చెప్పమంది. ఆయన వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టాడు, ఆమె మధ్యలోనే విత్తనాల ఖర్చు మరిచావని అందుకుంది.