గీతకూ గీతకూ ఎడమెంత?

బాలలూ! మా జగ్గయ్యపేట, నందిగామ వైపు మెట్ట చేలలో మిర్చి, పత్తి విరివిగా పండుతాయి. సాలుకూ సాలుకూ మధ్య జాగా వదలకపోతే పంట దక్కదని ప్రతి రైతుకూ తెలుసు. సెల్ ఫోను ఛార్జరు చేసేవారికి కూడా ఈ సంగతి తెలిసి వుండాలి.

ఈ మధ్య నందిగామలో ఒక రిపేరు దుకాణంలో, విప్పిన ఛార్జర్లు రెండు చూశాను. లోపల చిన్న పలక వున్నది. దాని మీద సన్నని రాగి గీతలే తీగల పని చేస్తాయి. దీన్నే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు అంటారు. ఆస్ట్రియా దేశపు ఇంజనీరు పాల్ ఐస్లర్ ఇంగ్లండులో వుంటూ 1936 ప్రాంతంలో ఇటువంటి పలకతో రేడియో తయారుచేశాడు.

గీతల మధ్య ఎడమెంతో ముందే నిర్ణయించి కంప్యూటరుకు చెబుతారు. ఎక్కడ తగ్గినా అది తప్పు పట్టి చూపుతుంది. 5 వోల్టుల గీతల నడుమ మిల్లీమీటరులో పదో వంతు చాలు. కాని ఛార్జరులో ఒక వైపు ఇంటి కరెంటు 230 వోల్టులు, రెండో వైపు మన చేతిలోని ఫోనుకు పోయే 5 వోల్టులు. ఆ రెంటి నడుమ సుమారు 6 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు.

"పొడిగాలిలో ఒక్క మిల్లీమీటరు దూకటానికే విద్యుత్తుకు సుమారు 3,000 వోల్టులు కావాలి గదా! మరి ఇంత ఎడం దేనికి?" అని మీలో చురుకైనవారు అడగవచ్చు. మంచి ప్రశ్నే! విద్యుత్తు గాలిలో దూకటమే కాదు, పలక మీద పాకుతూ కూడా పోగలదు. మా జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. దుమ్ముకు కొదవ లేదు. దుమ్ముకు వానాకాలపు చెమ్మ తోడైతే విద్యుత్తుకు దారి దొరికినట్టే. పైగా దగ్గరలో పిడుగు పడితే లైనులో ఒక్క క్షణం వేల వోల్టులు రావచ్చు. అందుకే ఎడం చాలని చోట పలకను కోసి సందు పెడతారు. అప్పుడు విద్యుత్తు చుట్టు తిరిగి పాకవలసి వస్తుంది.

నేను చూసిన ఛార్జర్లలో ఒకదానికి ఎడమూ, సందూ రెండూ వున్నవి. చవకగా వచ్చిన రెండోదానిలో ఎడం బియ్యపుగింజ మందం కూడా లేదు. ఫోను రెండింటితోనూ ఛార్జి అవుతుంది. కాని రెండోది ఏనాడైనా ప్రాణం మీదికి తేవచ్చు.

కనుక తల్లిదండ్రులు ఛార్జరు కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ వున్నవేమో చూడాలి. పిల్లలూ, మీరు మాత్రం ఛార్జరు విప్పకండి. ప్లగ్గు తీసిన తరవాత కూడా లోపల కొంతసేపు విద్యుత్తు నిలిచి వుంటుంది.

ఇక మీకొక ప్రశ్న. కరెంటు స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లను దూరం నుంచే చూడండి. వాటి అంచులు గొడుగుల్లాగా ఎందుకున్నవో ఇప్పుడు చెప్పగలరా?